మడ్‌గార్డు కింద అతుకు

పోయిన వారం రాజారాంను మనం ఎక్కడ వదిలిపెట్టాం? నిజామాబాద్‌లో, బాపురావు డెంటింగ్ షెడ్డులో, జీపు తాళంచెవి గుప్పిట్లో బిగించుకుని నిలబడ్డచోట. ఆ చెవి ఇస్తాడా ఇవ్వడా అన్నది తేలకముందే మనం ఎవరి ఇళ్లకు వాళ్లం పోయాం. పాపం, ఆయన మాత్రం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. రాజారాం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు సెక్షన్ జీపు డ్రైవరు. పాత బండ్లు వేలం వేసినప్పుడు తాను నడిపిన జీపునే తాను కొనుక్కున్నాడు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, ఉద్యోగం పోయింది, జీపు మిగిలింది. ఇప్పుడా జీపులో ఆయన కూతురు అఖిల మంజీర ఒడ్డు ఊళ్లు తిరుగుతూ పశువులకు వైద్యం చేస్తుంది. పోయిన నెల వానల్లో నల్లరేగడిలో జీపు దిగబడి, ఈనలేక తన్నుకుంటున్న ఒక బర్రె దగ్గరికి ఆమె చేరేసరికి అది ప్రాణం విడిచింది. ఆ పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చుంటే తండ్రి మనసు నిలుస్తుందా? "ఊకో బిడ్డా, పెద్ద టైర్లు ఎయ్యిద్దాం" అని మాట ఇచ్చేశాడు. పెద్ద టైర్లు పట్టాలంటే మడ్‌గార్డులు కొయ్యాలి. అన్నేళ్లు జీపు నడిపిన మనిషికి అది ఒకరు చెప్పాలా? కానీ ఆ ఆలోచనను ఆయన దగ్గరికి రానివ్వలేదు.

రానివ్వకపోవడానికి కారణం ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఈ మడ్‌గార్డుల కోసమే ఆయన తోడబుట్టిన తమ్ముడు రామ్‌దాస్‌ను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. తాగి నడిపి జీపును చెరుకు బండికి గుద్దాడని. ఆనాటి నుంచి ఆ జీపు రేకు మీద ఇంకొకరి సుత్తె పడనివ్వలేదు.

"రాజన్నా, గట్ల బొమ్మ లెక్క నిలవడితె టైరు ఎక్కుతదా?" అన్నాడు బాపురావు. తల్లి తరఫు మరాఠీ, తండ్రి తరఫు తెలుగు. కోపం మాత్రం రెండు తరఫులా లేని మనిషి. "ఇటు రా. నువ్వే సూడు."

ముందు ఎడమ పక్కన అప్పటికే ఒక కొత్త టైరు బిగించి ఉంది. లావుపాటి రబ్బరు పళ్లు, నల్లగా మెరుస్తూ, పాత జీపుకు పెద్దన్న చెప్పులు తొడిగినట్టుంది. అఖిల లోపల కూర్చుని స్టీరింగు నెమ్మదిగా తిప్పింది. సగం దాకా బాగానే తిరిగింది. ఆ తర్వాత టైరు భుజం మడ్‌గార్డు అంచుకు పోయి ఆనుకుని కిర్రుమంది.

"సీదా పోతె ఏం గాదు. మలిపితె రాస్తది. నాలుగు దినాలల్ల రబ్బరు చీరికలైతది" అన్నాడు బాపురావు.

"స్ప్రింగుల కింద దిమ్మలు పెట్టి లేపరాదు?"

"లేపిన. లేపినంకనే గిట్ల తాకుతుంది. ఇంక లేపితె మూల మీద బండి పల్టీ కొడ్తది. లోపల నా బిడ్డ కూసోదు, నీ బిడ్డ కూసుంటది."

బాపురావు చాక్‌పీస్ తీసి మడ్‌గార్డు మీద, చక్రం చుట్టూ, ఇంత వంపున ఒక గీత గీశాడు. పచ్చరంగు మీద తెల్లగీత. అక్కడి దాకా రేకు తీసేసి, అంచు మళ్లీ మడిచి, కింద ఒక గుండ్రటి కడ్డీ అతికిస్తే ఇంకో ముప్పై ఏళ్లు చూడక్కర్లేదన్నాడు.

రాజారాం ఆ గీత మీద చెయ్యి పెట్టాడు. పెట్టకుండా ఉండాల్సింది. పెట్టాడా, ఇక ఆయన నిజామాబాద్‌లో లేడు.

కార్తీకం చలి. ఫ్యాక్టరీ సైరన్ కూసిందంటే బోధన్ అంతా లేచేది. గేటు ముందర నుంచి ఊరి బయట దాకా చెరుకు బండ్ల వరస, ఎడ్ల మెడల్లో గంటలు, పొగగొట్టం నుంచి తియ్యటి పొగ, బట్టలకూ తలవెంట్రుకలకూ పట్టుకుని వదలని చెరుకుమడ్డి వాసన. పక్క ఊరోళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. బోధన్ వాళ్లకు అది అన్నం ఉడికే వాసన. రాజారాం జీపు తీసి వర్ని దిక్కో కోటగిరి దిక్కో పోయేవాడు. చేను గట్టున జీపు ఆగగానే రైతులు చుట్టూ మూగేవాళ్లు. చెరుకు ఆఫీసరు ఒక గడ కోయించి, ఈ మడ్‌గార్డు మీదనే పెట్టి ముక్కలు చేసి, రసం చుక్క పిండి, అద్దపు గొట్టంలోంచి వెలుగుకేసి చూసేవాడు. ఆయన కన్ను తీసేదాకా రైతు ఊపిరి తీసేవాడు కాదు. తీపి నిండిందంటే కోతకు పర్మిట్. ఆ పర్మిట్‌తో పిల్ల పెండ్లి, బావికి మోటారు, అన్నీ. అందుకే రైతులు ఈ మడ్‌గార్డును దేవుడి గద్దె మాదిరి చూసేవాళ్లు. రసం చిందిన చోట చీమలు పడితే రాజారాం తడిగుడ్డతో తుడిచేవాడు, సొంత పిల్ల మూతి తుడిచినట్టు.

ఆ సొంత పిల్ల కూడా ఇక్కడే కూర్చునేది. చలికాలం పొద్దున ఇంజను వేడికి బానెట్ వెచ్చబడేది. అఖిలను ఎత్తి మడ్‌గార్డు మీద కూర్చోబెడితే కాళ్లు ఊపుతూ చెరుకుముక్క నమిలేది. అంతకు ముందు ఇదే చోట ఇంకొకడు కూర్చునేవాడు. మీసాలు రాని తమ్ముడు, ఫ్యాక్టరీ వర్క్‌షాపులో కొత్తగా వెల్డింగు నేర్చుకుంటున్నవాడు. "అన్నా, ఒక్కపాలి స్టీరింగు ఇయ్యరాదే" అని సతాయించేవాడు... రాజారాం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎన్ని తలుచుకున్నా ఆ ఒక్క ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆయన జ్ఞాపకాలకు బ్రేకు పడుతుంది.

"రంగు గూడ నేనే ఏస్తుంట బాపురావు. ఏటా దసరాకు నేనే. ఫ్యాక్టరీ పచ్చ. మల్ల గదే పచ్చ ఏపిస్తవు గదా?" అన్నాడు రాజారాం.

"ఏపిస్తనే. ముందైతె రేకు ఎంత దమ్ముతోని ఉందో సూడనీ."

షెడ్డు మూలన పాత టైరు మీద రాజారాం భార్య సుమిత్రమ్మ కూర్చుని ఉంది. సాయంత్రం కంటి డాక్టరుకు చూపించుకోవాలని ఆమె కూడా జీపెక్కి వచ్చింది. వస్తూ వస్తూ బీడీల చాట వెంట తెచ్చుకుంది. ఫ్యాక్టరీ పోయాక ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసింది ఆ చాటే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. నోరు ఏం మాట్లాడుతున్నా వేళ్లు తమ పని తాము చేసుకుపోతుంటాయి.

బాపురావు పాత స్పీకర్లోంచి పీకిన అయస్కాంతం తెచ్చి మడ్‌గార్డు మీద జరుపుతూ పోయాడు. ఇనుము ఉన్నచోట టక్కున పట్టుకుంటుంది. సొట్టలు పూడ్చే లప్పం నింపిన చోట పట్టదు. పైనంతా బాగానే పట్టింది. చాక్‌పీస్ గీత దగ్గరికి వచ్చేసరికి జారి బాపురావు చేతిలో పడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది.

"ఓ రాజన్నా, ఈడ లప్పం ఉన్నది."

"ఉంటది. గుద్దిన జాగ గదనే" అన్నాడు రాజారాం మొహం ముడుచుకుని. "మా తమ్ముని పుణ్యం."

బాపురావు రేకుపట్టీతో గీకాడు. దసరాకు ఒక పొర లెక్కన పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద లప్పం పొడి రాలింది. దాని కింద సన్నగా, పసుప్పచ్చగా, చక్రం చుట్టూ వంపు తిరిగి ఒక గీత బయటపడింది. ఇత్తడి పోత. బాపురావు కాసేపు దాన్ని వేలితో తడిమి, ఏం మాట్లాడకుండా కుడి పక్కకు పోయి అక్కడా గీకాడు. అక్కడా అదే గీత, అదే వంపు.

"అన్నా, ఇది గుద్దిన బండి గాదు. కోసిన బండి."

"ఏంది?"

"గుద్దితె రేకు ముడుసుకుంటది, చినుగుతది. ఇది సాఫ్‌గ కోసిన్రు. కోసిన ముక్కనే మల్ల తెచ్చి ఇత్తడితోని అతికిన్రు. నేనిప్పుడు గీసిన గీత సూడు, వాళ్లు కోసిన గీత సూడు. ఒక్కటే. ఎవలో గీ జీపుకు ఇంతకుముందే పెద్ద టైర్లు ఏసిన్రే."

"నీకు పిచ్చా ఏంది? ఈ జీపుకు నేను దప్ప ఎవడు చెయ్యి పెట్టిండు? వాడు గుద్దిండు. వాడే నా ముందట ఒప్పుకున్నడు. చెరుకు బండికి గుద్దిన అన్నా, అన్నడు. అఖిల పుట్టిన వారంల. శ్రావణంల..."

రాజారాం వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు.

శ్రావణంలో చెరుకు బండా? శ్రావణంలో చెరుకు చేలల్లో నిలబడి ఉంటుంది, మనిషెత్తు, కత్తి తాకకుండా. కోత మొదలయ్యేది దీపావళి అయ్యాకనే. అప్పటిదాకా బండ్లు ఇళ్ల ముందర కాడి దించుకుని కోళ్లకు నీడ ఇస్తుంటాయి. ఇది బోధన్‌లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. చెరుకు సెక్షన్‌లో జీవితం అరగదీసిన రాజారాంకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అంత తెలిసినవాడు, తమ్ముడు "చెరుకు బండి" అనగానే నమ్మేశాడు! కళ్లు మూసినా తెరిచినా చెరుకు బండ్లే కనపడే మనిషికి చెరుకు బండి అంటే అనుమానం ఎట్లా వస్తుంది? ముప్పై ఏళ్లు ఆ మాటను పదిమందికి చెప్పుకుని తిట్టాడే తప్ప, ఒక్కనాడూ నెల గుర్తు చేసుకోలేదు. పైగా ఆ అతుకు బయటపడకుండా ఏటేటా తానే కుంచె పట్టుకుని రంగు వేశాడు.

చాటలో సుమిత్రమ్మ వేళ్లు ఆగిపోయాయి. రాజారాం తల తిప్పి చూశాడు. పెళ్లయిన నాటి నుంచి ఆ వేళ్లు అట్లా ఆగడం ఆయన చూడలేదు.

"సుమిత్రా, నీకెరుకనా?"

ఆమె చాట పక్కన పెట్టింది. "ఎరుకనే."

"చెప్పు."

"నువ్వు ఆఫీసరు తోని రైల్ల పట్నం పోయినవు, జీపు ఫ్యాక్టరీలనే ఉండె. నేను నొప్పులతోని తల్లిగారింట్ల. రెండు దినాల సంది వాన. ఊరి బాట బురదయ్యి ఎడ్లబండి ఇరుసు దాక దిగవడ్డది. మంత్రసాని బిడ్డ అడ్డం తిరిగిందన్నది. మా తమ్ముడు నడుముల్లోతు నీళ్లల్ల బోధన్ ఉరికిండు." ఆమె గొంతు స్థిరంగానే ఉంది, కళ్లే నిండుతున్నాయి. "రామ్‌దాస్‌కు తెలుసు, ఉత్త టైర్లతోని ఆ బాటల జీపు పోదని. నువ్వే చెప్తుంటివి గద వానికి. ఫ్యాక్టరీల ట్రాలీలకని తెచ్చిన పెద్ద టైర్లు ఉంటె ఏసిండు. అవి తాకుతుంటె యాక్సా బ్లేడు పట్టుకొని రెండు దిక్కుల కోసిండు. పొద్దుగూకక ముందే నా దగ్గరికి వచ్చిండు. నన్ను ఎన్కసీట్ల పండవెట్టి, ‘వదినా, గట్టిగ పట్టుకో, అన్న లెక్కనే నడుపుత’ అన్నడు."

అఖిల స్టీరింగు మీద నుంచి చేతులు తీసేసింది. తాను పుట్టిన రోజు కథ ఆమె ఎన్నోసార్లు వింది. అందులో ఈ మనిషి ఎప్పుడూ లేడు.

"మరి నాకెందుకు చెప్పలే?" అని అరిచాడు రాజారాం.

"ఫ్యాక్టరీ జీపు. నీ చేతి కింద ఉన్న జీపు. కోసిన్రని తెలిస్తె ముందు నీ నౌకరి పోతుండె. అందుకే ముక్కలు మల్ల అతికిండు. రంగు తేడా కొడ్తె నువ్వు పట్టుకుంటవని గుద్దిన్నని అబద్ధం ఆడిండు. గుద్దితె అన్న నాలుగు తిట్లు తిడ్తడు, కోసిన్నంటె అన్న ఆఫీసర్లకు అబద్ధం చెప్పాల్సొస్తది, అన్నతోని గాదు, అన్నడు. దవాఖానల బిడ్డ నెత్తి మీద నా చెయ్యి పెట్టిపిచ్చి ఒట్టేపిచ్చుకున్నడు."

"నౌకరి పోయి ఎన్నేండ్లాయె! అప్పుడన్న చెప్పరాదు? నా పక్కల కూసోని అన్నం పెట్టుకుంట ఇంత దాస్తవా నువ్వు?"

ఇక సుమిత్రమ్మ ఊరుకోలేదు. లేచి నిలబడింది.

"ఏందయ్యా నా మీద ఒర్రుతవ్? వాడు వాకిట్ల నిలవడి ‘గుద్దిన అన్నా’ అంటె, ఎందుకు పోయినవురా, ఏడికి పోయినవురా అని ఒక్కపాలి అడిగినవా? తాగినవా అన్నవ్. జన్మల తాగనోన్ని! గల్లీ అంత ఇనంగ వాని బట్టల సంచి బయట ఇసిరినవ్. తర్వాత వాని పేరు తీస్తె దిగ్గున లేసి పోతుంటివి. చెప్దామని నోరు తెరిచిన్నాడల్ల నువ్వు మీదికొచ్చినవ్. ఒట్టుకంటె ఎక్కువ నీకే భయపడ్డ నేను."

బాపురావు మెల్లగా బయటికి పోయి, అవసరం లేకున్నా ఒక పానా తుడవడం మొదలుపెట్టాడు. రాజారాం జీపుకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. వాకిట్లో సంచి పట్టుకుని నిలబడ్డ తమ్ముడు కళ్ల ముందర ఉన్నాడు. ఆనాడు వాడు పోతూ పోతూ జీపు వైపు ఒకసారి చూశాడు. బండి మీద ఆశ ఇంకా చావలేదని అనుకున్నాడు తాను. అతుకు నిలిచిందా లేదా అని చూశాడు వాడు. రాజారాం తుండుగుడ్డలో మొహం దాచుకుని ఏడ్చాడు, సిగ్గు పడకుండా, చప్పుడు ఆపుకోకుండా.

అఖిల దిగి వచ్చి పక్కన కూర్చుంది. "అవ్వా, చిన్నాయన ఏడున్నడిప్పుడు?" అని తల్లిని అడిగింది.

సుమిత్రమ్మ ఫోను తీసింది. కాస్త తటపటాయించి కూతురి చేతికిచ్చింది. తెర మీద పేరు చూసి అఖిల ఆ ఏడుపులోనే నవ్వేసింది. "ఆకు తారాబాయి".

రాజారాం తలెత్తాడు. "ఆకులమ్మే ఆమెనా? ఆమె ఎందుకు?"

"ఆకులమ్మే ఆమె గాదు. నీ మరదలు. మంజీర అవతలి ఊర్ల ఉంటరు" అంది సుమిత్రమ్మ.

ఆ తారాబాయితో రాజారాం ఫోనులో ఎన్నిసార్లు మాట్లాడాడో! "పోయినపాలి ఆకు అంత తూట్లే ఉండె, ఇట్లైతె ఎట్లమ్మా" అని ఒకసారి గట్టిగా కసిరాడు కూడా. అవతల ఆమె ఎంతో మర్యాదగా, "ఈసారి మంచిది పంపుత సార్" అని సర్దుకుంది. ఎన్నడూ చూడని మరదలు.

"కలుపు బిడ్డా" అన్నాడు.

అఖిల కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది. రెండో మోతకే అవతల నుంచి ఆత్రంగా ఒక ఆడగొంతు. "అక్కా! నీకే చేద్దామనుకుంటున్న. ఈయన చెయ్యనియ్యడు. మొన్న షెడ్డు మీది నుంచి జారి పడ్డడు. తొడ కాడ ఎముక ఇరిగినట్టుంది, కాలంత ఉబ్బింది. నిన్నటి సంది ఒళ్లు కాలిపోతుంది. అంబులెన్సు పెద్దరోడ్డు దాకనే వచ్చి తిరిగి పోయింది. మా ఊరి బాటల బండి దిగవడతదట. ట్రాక్టర్లన్ని వాగవతల చిక్కుకున్నయి..."

రాజారాం ఫోను దగ్గరికి వంగాడు. "అమ్మా తారాబాయీ... నేను. రాజారాంను."

అవతల ఒక వెక్కు. "బావా..."

వెనకాల ఇంకో గొంతు వినిపించింది. జ్వరంలో మునిగి, మాట మాట అతుక్కుంటూ, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు. "వదినా, భయపడకు. అచ్చినం. పెద్దరోడ్డు అచ్చినం... అన్నకు చెప్పద్దు..."

రాజారాం ఇంక వినలేకపోయాడు. "వస్తున్న అని చెప్పమ్మా వానికి. అన్న వస్తున్నడని చెప్పు" అంటూ లేచాడు. తాళంచెవి అఖిల చేతిలో పెట్టి, పానా తుడుస్తున్న బాపురావు దగ్గరికి పోయి, కోత మిషను తీసుకున్నాడు.

"ఏడ పట్టుకోవాల్నో సూపెట్టు."

"నువ్వు ఎందుకన్నా, నేను కోస్త గద..."

"నేనే కొయ్యాలె బాపురావు."

బాపురావు ఆయన కళ్లకు అద్దాలు పెట్టి, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టించి, స్విచ్చు వేశాడు. మిషను గర్జించింది. పాత ఇత్తడి గీత వెంబడి, తమ్ముడు కోసిన దారినే, రాజారాం కోస్తూ పోయాడు. పచ్చరంగు పొడి లేచి మీసాల మీద పడింది. ఎడమ పక్క రేకు వంపు తిరిగి ఠంగుమని నేల మీద పడేసరికి సుమిత్రమ్మ కళ్లు తుడుచుకుని చాట ఎత్తి జీపులో పెట్టింది, కంటి డాక్టరు సంగతి మరిచేపోయింది.

అప్పుడే అఖిల ఫోనులోంచి తలెత్తింది. ముఖం పాలిపోయి ఉంది.

"నాయినా, మంజీర పొంగుతుందట. చీకటి పడంగనే వంతెన మీద బండ్లు బంద్ పెడ్తరట."

రాజారాం మిషను ఆపలేదు. కుడి మడ్‌గార్డు దగ్గరికి నడిచాడు.